నాట్లలో వదిలిన సందు

శవపెట్టె నీళ్ల మీద వస్తోంది.

మొదట గడ్డిమోపు అనుకున్నాను. పశువుల మేత, కొబ్బరికాయలు, ఒక్కోసారి ఇటుకలు కూడా దోనెల మీద తేవడం మా వైపు మామూలే. దగ్గరికి వచ్చాక సైకిలు దిగి కాలువ గట్టు మీద నిలబడిపోయాను. రెండు తాటిదోనెలను పక్కపక్కన చేర్చి తాళ్లతో కట్టారు. వాటికి అడ్డంగా వెదురుబొంగులు, బొంగుల మీద తెల్లగుడ్డ కప్పిన పెట్టె. ఆరుగురు మగవాళ్లు రొమ్ము లోతు నీళ్లలో, ముగ్గురు ఈ పక్క, ముగ్గురు ఆ పక్క, పెట్టె ఒరిగిపోకుండా పట్టుకుని నడుస్తున్నారు. గట్టు మీద పాస్టరుగారు చెప్పులు చేత్తో పట్టుకుని వాళ్లతో సమానంగా నడుస్తున్నారు. ఆయన వెనక పేట ఆడవాళ్లు. పేటలో ఎవరు పోయినా సమాధుల దిబ్బ చేరేదాకా పాడుకుంటూ వెళతారు. ఆ రోజు ఒక్కరి నోటా పాట లేదు. అందరి కళ్లూ దోనెల మీదే ఉన్నాయి.

అప్పటికి తెనాలిలో విలేకరిగా పదేళ్లు పనిచేశాను. బస్సు ప్రమాదాలు చూశాను, గాలివానలు చూశాను, కాలువలోంచి మనుషులను బయటికి తీయడం చాలాసార్లు చూశాను. చనిపోయిన మనిషిని మోసుకొచ్చి కాలువలోకి దింపడం మాత్రం ఎన్నడూ చూడలేదు. నా చేతిలోని సైకిలు గట్టు మీద పడిపోయిన సంగతి కూడా చాలాసేపటికి గాని గమనించలేదు.

ఆడవాళ్లలో ముందు నడుస్తున్న మనిషిని గుర్తుపట్టాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా పొలం నాటింది ఆమె. పేటలో నాట్ల ముఠాకు పెద్ద. పోయినది ఆమె భర్త. ఆమె నన్ను చూసి ఆగింది. ఎవరు ఆపారని అడిగాను. మరో మాట తోచలేదు.

"ఎవరూ ఆపలేదు బాబూ. దారి లేదు, అంతే."

అని, చేత్తో మా అన్నయ్య చేలవైపు చూపించి, మళ్లీ దోనెల వెంట నడిచింది.

నేను ఆ ఆదివారం ఊరికి వచ్చిందే ఆ చేను చూడడానికి. రెండో పంట నాటి మూడు వారాలైంది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా రూళ్లు గీసిన కాగితంలాగా వరసలు. ఎక్కడా ఒక వంకర లేదు, ఒక ఖాళీ లేదు. దాన్ని గురించి పత్రికలో మరోసారి రాయాలని పుస్తకం, పెన్సిలు జేబులో పెట్టుకుని వచ్చాను.

ఇక్కడ మా ఊరి సంగతి కొంత చెప్పాలి. తెనాలి నుంచి వేమూరు దాటి వెళితే, కాలువ మెలిక తిరిగే చోట ఉంది ఊరు. కాలువ పక్కనే పేట. పేటలో వాళ్లంతా క్రైస్తవులు, ఒకరిద్దరు బడిపంతుళ్లు తప్ప అందరూ చేలల్లో పనిచేసేవాళ్లే. వాళ్ల సమాధుల దిబ్బ పేటకు అర మైలు దూరంలో, మాగాణి నడిమధ్య ఉంది. అటు చూస్తే నాలుగు తాడిచెట్లు, వాటి కింద సున్నం కొట్టిన సిలువలు కనిపిస్తాయి. పేట నుంచి తిన్నగా వెళితే నలుగురు రైతుల చేలు దాటాలి. రెండోది మాది. కాలువ వెంట వెళితే ఊరంతా చుట్టి రెండు మైళ్లు.

నా చిన్నతనంలో కాలువకు ఏడాదిలో సగమే ప్రాణం. తొలకరికి నీళ్లు వదిలేవారు, వరి పండే వేళకు కట్టేసేవారు. కోతలకు ముందే తడినేల మీద మినుములు చల్లేవాళ్లు. వరి కోసేసరికి మోకాలి కింద మినుము మొక్క పచ్చగా లేచి ఉండేది. అక్కడి నుంచి మళ్లీ తొలకరి దాకా పొలం ఎవరిదైనా, నడక అందరిదీ. మినుము చేలో మనిషి నడిస్తే ఎవరూ పట్టించుకునేవారు కాదు. పేట ఆడవాళ్లు కోసిన చేలల్లో పరిగె ఏరుకునేవారు, మినుము పీకాక రాలిన కాయలు ఏరుకునేవారు. గేదెలు ఎటు మేసినా అడిగేవారు లేరు. ఆ నెలల్లో శవాన్ని దిబ్బకు తీసుకెళ్లడానికి దారి అనే మాటే అక్కర్లేదు.

మరి తొలి పంట నడిచే సార్వా నెలల్లో, చేలన్నీ వరితో నిండి ఉన్నప్పుడు ఎవరైనా పోతే ఎలా తీసుకెళ్లేవారు? నేను ఎప్పుడూ ఆలోచించలేదు. మా చేలో ఒక గట్టు నుంచి ఎదుటి గట్టు దాకా మూడు మూరల వెడల్పున నాటకుండా వదిలిన సందు ఒకటి ఉండేది. కలుపు తీసేవాళ్లు నడవడానికని కొన్నాళ్లు అనుకున్నాను, గాలి ఆడడానికని ఎవరో చెబితే కొన్నాళ్లు అదీ నమ్మాను. అన్నయ్య మాత్రం అది నాట్లవాళ్ల బద్ధకం అనేవాడు. ప్రతి ఏటా నాట్లప్పుడు గట్టు మీద నిలబడి, ఆ సందు ఎందుకు వదిలారని వాళ్ల మీద కేకలేసేవాడు. నాట్ల పెద్ద నవ్వి ఊరుకునేది. ఆమె నవ్వు అతనికి మరీ కోపం తెప్పించేది. నాన్న మాత్రం, వాళ్ల పని వాళ్లకు తెలుసు వదిలెయ్ అనేవాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. నాన్న పోయాక కూడా సార్వాలో ఆ సందు అలాగే మిగిలింది. ఎందుకంటే నాటేవాళ్లు మారలేదు.

అరవైల చివర్లో ఎగువన కొత్త జలాశయంలో నీళ్లు నిలవడం మొదలయ్యాక, మా కాలువకు రెండో పంటకు కూడా నీళ్లు వచ్చాయి. ప్రతి ఏడూ కాదు, ఒక ఏడు మాకు, ఒక ఏడు మరో కాలువకు. దాళ్వా అనే మాట మా ఊళ్లో అప్పుడే బాగా వాడుకలోకి వచ్చింది. కొన్నేళ్లలోనే ఊరు ఆనవాలు పట్టలేనంతగా మారింది. రెండో రైసుమిల్లు వచ్చింది. తాటాకు ఇళ్ల స్థానంలో డాబాలు లేచాయి. తెనాలి బస్సు రోజుకు రెండుసార్లు రావడం మొదలుపెట్టింది. పేటకూ కొంత మేలు జరిగింది. వేసవి వస్తే మిరపకోతలకు గుంటూరు అవతలికి వలస పోయే ఆడవాళ్లు ఇంటిపట్టున ఉండి పనిచేసుకోగలిగారు. ఇవన్నీ నేనే రాశాను. నీళ్ల వార్తలు నా ఉద్యోగంలో సగం. కాలువకు ఎప్పుడు వదులుతారు, ఎన్నాళ్లు ఇస్తారు, ఏ ఊరికి అందలేదు. పరిగె పోయిందని గాని, మినుములు పోయాయని గాని, మండువేసవిలో పేట చుట్టూ నీళ్లు నిలిచి దోమలు కమ్ముతున్నాయని గాని నేను రాయలేదు. ఎవరూ వచ్చి చెప్పలేదు, నేనూ వెళ్లి అడగలేదు.

దాళ్వాతో పాటు తాడు వచ్చింది. కొత్త పొట్టి వంగడాలను వరసల్లో నాటితే దిగుబడి బాగుంటుందని గ్రామసేవకుడు చెప్పాడు. చేనుకు అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తాడు లాగి, దాని వెంటే నాటాలి. పేట ఆడవాళ్లు ఆ తాడును చూసి నవ్వారు. కట్టేసిన గేదెల్లా మమ్మల్ని నిలబెడతారా అన్నారట. అలవాటు లేని పని, నడుం మరీ విరుగుతుంది, చేయి నడవదు. మొదటి రెండు దాళ్వాలు అన్నయ్య వాళ్ల పద్ధతికే ఒప్పుకున్నాడు. మూడోసారి నేనే చెప్పాను. తాడు నాట్లు నేర్చిన ముఠాలు రేపల్లె అవతల, నగరం అనే ఊరి వైపు ఉన్నాయి, వాళ్ల కాలువకు ఈ ఏడు నీళ్లు లేవు, పనికోసం చూస్తున్నారు, పిలిపించు అన్నాను. అన్నయ్య పిలిపించాడు. అతన్ని చూసి దిబ్బ దారిలోని మిగతా ముగ్గురు రైతులూ అదే ముఠాను పెట్టుకున్నారు. నాలుగు రోజుల్లో నాలుగు కమతాలూ గట్టు నుంచి గట్టుకు నిండిపోయాయి.

ఆ ఆదివారం గట్టు మీద నిలబడి చూస్తుంటే నాకు అర్థమైంది ఇదీ. సందు ఉండాల్సిన చోట వరి ఉంది. దారిని ఎవరూ మూయలేదు. తాడు పట్టినవాళ్లకు అక్కడ దారి ఉందని తెలియదు, అంతే. తెలిసిన చేతులను ఆ ఏడు ఎవరూ పిలవలేదు. వేరేవాళ్లను పిలిపించమని చెప్పినవాణ్ణి నేను.

గట్ల మీద తీసుకెళ్లవచ్చు కదా అనిపిస్తుంది ఎవరికైనా. మా గట్లు అప్పటికే జానెడు మిగిలాయి. ఏటేటా పారతో చెక్కి చేలో కలుపుకుంటూ వచ్చాం. ఒక మనిషి గొడుగు వేసుకుని జాగ్రత్తగా నడవగలడు. పెట్టె మోసేవాళ్లు నడవలేరు.

అన్నయ్య తూము దగ్గర ఉన్నాడు. నన్ను చూడగానే ఫోటో తీసే మనిషిని వెంట తేలేదేమని అడిగాడు. నేను కాలువలో చూసింది చెప్పాను. పార కింద పెట్టాడు.

"ఎవడన్నా వద్దన్నాడా? నన్నడిగితే నేను కాదంటానా?"

"అడగడానికి ఏముంది అన్నయ్యా. దారి ఉందనే కదా ఇన్నేళ్లూ."

"మన చేలో దారేంటిరా?"

నేను సందు సంగతి చెప్పాను. తూములోంచి నీళ్లు పోతున్న చప్పుడు వింటూ ఇద్దరం నిలబడ్డాం. తర్వాత, నాన్న నాకు చెప్పి ఉండాల్సింది అన్నాడు. ఇరవై ఏళ్లు ఆ సందు కోసం ఆ ఆడమనిషిని నేను తిట్టాను అన్నాడు. ఆ రెండు మాటలే. అతని మొహం చూడలేక చేలవైపు తిరిగాను. అక్కడా చూడలేకపోయాను.

రెండు రోజుల తర్వాత ఇద్దరం పేటకు వెళ్లాం. ఆమె ఇంటిముందు పీట మీద కూర్చుని ఉంది. పాస్టరుగారు కూడా అక్కడే ఉన్నారు. రేపల్లె నుంచి కొత్తగా వచ్చిన కుర్రాయన. జరిగిందానికి మా కంటే ఆయనే ఎక్కువ సిగ్గుపడుతున్నట్టు కనిపించారు. అన్నయ్య నిలబడే మాట్లాడాడు. తొక్కుకుంటూ వెళ్లాల్సింది, నాలుగు దుబ్బులు పోతే పోయేవి అన్నాడు.

ఆమె అతని వైపు వింతగా చూసింది.

"నాటిన చేలో కాలెలా పెడతామండి? మేం నాటకపోయినా పైరు పైరే గదా."

నాటుతున్న రోజునే పేటవాళ్లు చూశారట, సందు మూసుకుపోయిందని. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. మీ నాయన, పెద్దాయన ఉంటే చెప్పేవాళ్లం బాబూ అంది. ఆయనకూ మేం చెప్పింది లేదు, మాకూ ఆయన చెప్పింది లేదు, మా అత్త వదిలింది, నేనూ వదిలాను, ఆయన చూసీ చూడనట్టు పోయేవాడు. మీ అన్నకు ఏమని చెప్పాలి, ఆ దారి ఉన్నట్టే ఆయనకు తెలియదాయె. ఈ లోపల ఎవరికీ ఏమీ కాదులే అనుకున్నాం, కోతలు కాగానే ఎటూ తెరుచుకుంటుంది గదా అనుకున్నాం.

తర్వాత, నవ్విందో ఏమో తెలియకుండా అంది.

"మా ముసలోడికి ఈత రాదు బాబూ. బతికున్నన్నాళ్లూ మోకాలు దాటి కాలవలో దిగలేదు. చచ్చాక దింపాం."

మెలిక దగ్గర దోనెలు ఒకసారి ఒరిగాయట. కాసిన్ని నీళ్లు పెట్టె అడుగుకు తగిలాయట. దిబ్బ మీదికి ఎక్కించేటప్పుడు పెట్టె మూలనుంచి నీళ్లు కారుతుంటే, ఆయన చెమటపట్టినట్టుందని అక్కడ ఎవరో అన్నారట. ఆమె ఇవన్నీ ఎవరి ఇంట్లోనో జరిగినట్టు చెప్పింది. చివర్లో మాత్రం మా వైపు తిరిగింది. ఆయన పక్కన తనకు చోటు ఉంచారని, అక్కడికి మాత్రం మనుషుల భుజాల మీద వెళ్లాలని ఉందని చెప్పింది. నీళ్ల మీద వద్దంది. నాకు తెలిసినంతలో ఆమె మమ్మల్ని ఎన్నడైనా అడిగింది అదొక్కటే.

తెనాలి వచ్చి రాశాను. ఎంత రాశానో అంతా పంపాను. మర్నాడు కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. డెస్కులో ఉన్న పెద్దాయనే నాకు పని నేర్పినవాడు.

"శవాన్ని ఎవరు ఆపారు?"

"ఎవరూ ఆపలేదండి."

"గొడవేమన్నా జరిగిందా?"

"లేదండి."

"మరి వార్తేంటి?"

ఎవరు ఆపారన్నది గట్టు మీద ఆమెను నేను అడిగిన ప్రశ్నే. పదేళ్లుగా ఊళ్లకు వెళ్లి నేను అడుగుతూ వచ్చిన మొదటి ప్రశ్నే అది. ఆపినవాడు ఉంటే రాయడం తెలుసు నాకు. ఎవరూ ఆపకుండా ఆగిపోయినదాన్ని ఎలా రాయాలో తెలియదు. ఆ వార్త రాలేదు. ఆ వారంలోనే తాడు నాట్ల మీద నాట్లు పడినప్పుడే నేను పంపిన వ్యాసం వచ్చింది, మా అన్నయ్య చేను వర్ణనతో సహా. అచ్చులో దాన్ని చూసి పత్రిక మడిచి పక్కన పెట్టేశాను.

వేసవిలో నగరం వైపు పనిమీద వెళ్లినప్పుడు ఆ ముఠా మేస్త్రిని వెతికి పట్టుకున్నాను. తప్పు పట్టడానికి కాదు. వాళ్ల ఊరి చేలు ఉప్పు పేరుకుని బీటలు వారి ఉన్నాయి, కాలువ చివర అడుగు తేలి ఉంది. మీరంతా తాగి వదిలితే గదండి మా దాకా వచ్చేది అన్నట్టుగా అతను కాలువ చూపించాడు. సందు సంగతి చెప్పగానే అతను తల గోక్కున్నాడు. మా ఆడోళ్లు ఆ రోజే అన్నారండి అన్నాడు. చేనంతా మెత్తగా ఉంటే మధ్యలో ఓ పట్టీ మాత్రం గట్టిగా తగిలిందట, వేలు దిగలేదట. ఇక్కడేముందో అనుకుంటూనే బలంగా గుచ్చి నాటారట. నాలుగు చేలల్లోనూ అంతేనట. ఎన్ని తరాల కాళ్లు తొక్కితే దమ్ము చేసి బురదగా కలిపిన నేల కూడా అలా వేలికి తెలుస్తుంది? ఆ ఆడవాళ్ల వేళ్లకు అందినంత కూడా, ఆ గట్ల మీద పెరిగిన మా ఇద్దరికీ అందలేదు.

పాస్టరుగారూ నేనూ కలిసి తెనాలి తాలూకా కచేరీలో అర్జీ ఇచ్చాం. గుమాస్తా గ్రామ పటం తీసి బల్ల మీద పరిచాడు. దిబ్బ ఉంది, కొలతలతో సహా. దానికి వెళ్లే గీత లేదు. తరతరాలుగా నడుస్తున్నారని చెబితే, నడిచినట్టు ఏదైనా రాసి ఉందా అని మర్యాదగానే అడిగాడు. లేదన్నాం. అయితే నలుగురు రైతులూ రాసి ఇవ్వాలన్నాడు. అన్నయ్య ఆ రోజే సంతకం పెట్టాడు. మొదటి చేను రైతు చూద్దాం అన్నాడు, ఏడాది తర్వాత కూడా చూద్దామనే అన్నాడు. మూడో రైతు, మీరు వదులుకోండి, మాకేం అభ్యంతరం అన్నాడు. నాలుగో చేను బాపట్లలో కాపురమున్న ఒక పంతులుగారిది. ఉత్తరం రాస్తే కౌలుదారుణ్ణి అడగమన్నారు. కౌలుదారు ఆసామిని అడగమన్నాడు. ఒక్కరూ చెడ్డవాళ్లు కాదు. పెళ్లికో చావుకో ఎదురుపడితే అందరూ నన్ను బాగున్నారా అని పలకరించినవాళ్లే.

ఆ తర్వాతి దాళ్వాలో అన్నయ్య మా చేలో మూడు మూరల సందు వదిలించాడు. నాట్ల పెద్దను పిలిచి, ఎక్కడో చూపించమన్నాడు. ఆమె చేలోకి దిగి, చీర కుచ్చెళ్లు దోపుకుని, కాలివేళ్లతో నేల వెతుక్కుంటూ ఇదిగో ఇక్కడ అని నడిచింది. తాడు లాగే మనుషులు ఆమె వెనకాలే పుల్లలు పాతుకుంటూ వెళ్లారు. చూడడానికి ఆ సందు బాగానే ఉంది. అవతలివాళ్ల వరి దగ్గర మొదలై ఇవతలివాళ్ల వరి దగ్గర ఆగిపోయింది. దాని మీద ఎవరూ నడవలేదు. మర్నాడు పొద్దున కొంగలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి.

సార్వాలో పేట ఆడవాళ్లు కొన్నేళ్లు నాలుగు చేలల్లోనూ వదులుతూ వచ్చారు. తర్వాత సార్వాకూ తాడు ముఠాలు వచ్చాయి. మొదటి చేలో, మూడో చేలో సందు పోయింది.

డెబ్బైల చివర్లో నాకు తెనాలి నుంచి బదిలీ అయింది. వెళ్లేముందు ఊరికి వెళ్లాను. నాట్ల పెద్ద నడుం వంగిపోయింది, నాట్లు మానేసింది. నన్ను చూసి మొట్టమొదట అడిగింది, ఈ ఏడు మన కాలవకు దాళ్వా నీళ్లు ఇస్తారంటనా బాబూ అని. ఆ కబురు నేనే రాశాను కాబట్టి నాకు తెలుసు. ఇస్తారమ్మా అన్నాను. ఆమె తల ఊపి, వంతెన వైపు చూసింది. వంతెన కింద రెండు తాటిదోనెలు కట్టి ఉన్నాయి. ఆ జంటను అప్పటి నుంచి ఎవరూ విడదీయలేదు, తాళ్లు పాతబడినప్పుడు మార్చారు.

ఆ రోజుకూ మా అర్జీకి తాలూకా కచేరీ నుంచి జవాబు రాలేదు.